మా డెల్టా దుమ్ముకి ఏ ఫిల్టర్?

మెకానిక్ నా బైకు కార్బురేటర్ విప్పి పక్కన పెట్టాడు. ఎయిర్ ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్సుకీ, గాలినీ పెట్రోల్‌నీ కలిపే కార్బురేటర్‌కీ మధ్య జానెడు కూడా లేని నల్ల రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. అందులో చూపుడువేలు పెట్టి ఒక తిప్పు తిప్పి, తీసి నా మొహం ముందు పెట్టాడు. వేలి కొసకి బూడిద రంగు మడ్డి. బొటనవేలితో నలిపి "కరకరలాడుతోంది, చూడండి" అన్నాడు. నేనూ నలిపి చూశాను. సరిగ్గా కడగని తోటకూర పంటి కింద పడితే ఎలా ఉంటుందో, వేళ్ళ మధ్య అలా ఉంది.

ఫిల్టర్ దాటాక వచ్చే గొట్టం అది. వడకట్టిన గాలి మాత్రమే నడవాల్సిన దారి. అక్కడే ఇంత మట్టి ఉంటే సిలిండర్‌లోకి ఎంత పోయి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బండి అప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. వెయ్యి కిలోమీటర్లకి పావు లీటరు పైనే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ. ఇదే మోడల్ బండి మా వీధిలో ఇంకొకాయనకి ఉంది. ఆయనది 80 వేలు దాటినా బోరు జోలికి, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల కోయించే పనికి, వెళ్ళలేదు. ఆయనది బండితో పాటు వచ్చే రకం కాగితం ఫిల్టర్. నాది నాలుగున్నర వేలు పోసి కొన్న ఎర్రటి కాటన్ ఫిల్టర్.

రింగులు, పిస్టన్, బోరింగ్ కలిపి ఆరు వేల చిల్లర అయింది. ఫిల్టర్ డబ్బులు కూడా కలుపుకుంటే ఆ ముచ్చట ఖరీదు పదకొండు వేలకి దగ్గరపడింది.

నేను పురుగుమందుల కంపెనీకి ఫీల్డ్ మీద తిరిగే మనిషిని. కాపురం రావులపాలెంలో. రోజుకి 70, 80 కిలోమీటర్లు బండి మీదే. ఒకరోజు ఆత్రేయపురం గట్టు, ఒకరోజు మండపేట, ఇంకోరోజు అంబాజీపేట, వారానికోసారి వంతెన దాటి తణుకు వైపు. 150 సీసీ బండి, కార్బురేటర్ కాలం నాటిది. నా వాదన ముందే చెప్పేస్తాను: ఈ ప్రాంతంలో రోజూ తిరిగే బండికి కంపెనీ కాగితం ఫిల్టరే సరైనది, అదీ బండితో వచ్చే పుస్తకంలో రాసిన దూరం కంటే ముందే మార్చుకుంటూ. ఖరీదైన ఫిల్టర్ చెడ్డదని నేననను. అది కొన్నాక చెయ్యాల్సిన చాకిరీ ఒకటుంది. అది నేను చెయ్యలేదు. మనలో చాలామంది చెయ్యరు.

ఎందుకు కొన్నానంటే, పికప్ కోసం. ఒక స్నేహితుడి బండికి వేస్తే విన్నాను. ఎక్సలేటర్ తిప్పగానే సీటు కింద నుంచి గాలి పీల్చే శబ్దం, గొంతు మారిన కుర్రాడిలా. "చూశావా, ఎలా లాగుతుందో" అన్నాడు. నాకూ లాగుతున్నట్టే అనిపించింది. దుకాణంలో కుర్రాడు కవర్లో పెట్టి ఇస్తూ "కాటన్ దొర ఫిల్టర్ సార్, మన గోదారోళ్ళకి అచ్చొస్తది" అని జోక్ కూడా వేశాడు. ఊరికొక కాటన్ విగ్రహం ఉన్న చోట ఆ మాటకి ఎవరు నవ్వరు? నేనూ నవ్వేసి డబ్బులిచ్చేశాను.

ఇంతకీ ఆ ఫిల్టర్ ఏం చెయ్యాలి? పెట్రోల్ సరిగ్గా మండాలంటే ఒక గ్రాము పెట్రోల్‌కి 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోల్ సుమారు 750 గ్రాములు. అంటే లీటరుకి దాదాపు 11 కిలోల గాలి. గాలిని కిలోల్లో చెబితే ఎవరికీ అందదు కాబట్టి లీటర్లలోకి మారిస్తే, సుమారు 9 వేల లీటర్లు. మనం బంకులో పోయించుకునే ఒక్కో లీటరు వెనకా తొమ్మిది వేల లీటర్ల గాలిని బండి రోడ్డు మీద నుంచి పీలుస్తుందన్నమాట. నా బండి 50 ఇస్తుంది. 12 వేల కిలోమీటర్లకి 240 లీటర్ల పెట్రోల్, 21 లక్షల లీటర్ల పైచిలుకు గాలి. అరచెయ్యంత కాగితం మడతల గుండా ఇదంతా వెళ్ళాలి.

ఈ లెక్క చూసినవాడికి వెంటనే తట్టేది ఒకటే. ఇంత గాలి పోవాల్సిన చోట ఆ కాగితం అడ్డు కదా, దాన్ని వదులు చేస్తే ఇంజన్ ఇంకా బాగా ఊపిరి తీసుకుంటుంది కదా అని. ఖరీదైన ఫిల్టర్ల ప్రచారమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. మాట అబద్ధం కాదు. కానీ ఎప్పుడు నిజమన్నది మనకి చెప్పరు.

మన రైతుకి దీన్ని అర నిమిషంలో చెప్పొచ్చు. బోదె తూము చారెడు మాత్రమే తెరిచి ఉంచి, పైన కాలువని రెండింతలు వెడల్పు చేశామనుకోండి. చేలోకి నీళ్ళు ఎక్కువ వస్తాయా? రావు. తూము ఎంత తెరిస్తే అంతే. బండికి ఆ తూము ఎక్సలేటర్. మనం పూర్తిగా తిప్పనంత సేపూ గాలిని ఆపుతున్నది ఫిల్టర్ కాదు, కార్బురేటర్‌లోని ఆ తలుపే. అదీ మనం కావాలని మూసి ఉంచిన తలుపు. గట్టు రోడ్డు మీద యాభైలో పోయేటప్పుడు పావు వంతు కూడా తెరవం. ఆ సమయంలో వెనక ఎంత గొప్ప ఫిల్టర్ ఉన్నా ఒకటే. తూము బార్లా తెరిచి, ఇంజన్ తన పైచివరి వేగంలో తిరుగుతుంటే, అప్పుడు కాలువ వెడల్పు లెక్కలోకి వస్తుంది. 150 సీసీ ఇంజన్ నిమిషానికి 8,500 చుట్లు తిరిగితే 500 లీటర్లకి పైనే గాలి కావాలి. ఆత్రేయపురం గట్టు మీద ఆ వేగంతో పోతే గాలి సంగతి తర్వాత, తిన్నగా కాలవలోకి పోతాం.

పైగా కార్బురేటర్ బండికి గాలి పెంచి ఊరుకుంటే సరిపోదు, దానికి తగ్గ పెట్రోల్ కూడా అందాలి. పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ మార్చకుండా ఫిల్టర్ ఒక్కటే వదులు చేస్తే మిశ్రమం పల్చబడుతుంది. ఇంజన్ వేడెక్కుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, కొన్ని బండ్లు ఎక్సలేటర్ వదలగానే సైలెన్సర్‌లో టపటపలాడతాయి. ఆ టపటపని కూడా రేసింగ్ బండి లక్షణమని మురిసిపోయేవాళ్ళని చూశాను. వాళ్ళని చూసి నవ్వడానికి నాకు అర్హత లేదు. ఏడాదిపాటు నేనూ ఆ బాపతే.

మరి ఆ లాగుడు? నాకు తెలిసింది పికప్ కాదు, శబ్దం. కంపెనీ ఎయిర్ బాక్స్ గాలిని వడకట్టడమే కాదు, ఇంజన్ గాలి పీల్చే చప్పుడుని కూడా అణుస్తుంది. వదులు ఫిల్టర్ ఆ చప్పుడుని బయటికి వదిలేస్తుంది. చెవి విన్నదాన్ని చెయ్యి నమ్ముతుంది. ఒకసారి వంతెన మీద, ఒకే గేరులో, ఒకే స్తంభం దగ్గర నుంచి, కంపెనీ ఫిల్టర్‌తో రెండుసార్లు, కాటన్ ఫిల్టర్‌తో రెండుసార్లు 40 నుంచి 70కి ఎంతసేపు పడుతుందో ఫోన్లో టైమ్ చూశాను. నా బొటనవేలు నొక్కడంలో వచ్చే తేడా కంటే ఎక్కువ తేడా కనిపించలేదు. అది ప్రయోగశాల పరీక్షేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ నాలుగున్నర వేల తేడా ఉంటే బొటనవేలికైనా తెలియాలి కదా.

ఇక దుమ్ము. అసలు వాదనంతా ఇక్కడే.

డెల్టా అనగానే బయటివాళ్ళకి పచ్చటి చేలు, నిండు కాలవలు, కొబ్బరిచెట్లు. ఇంత తడి ప్రాంతంలో దుమ్మేమిటి, దుమ్మంటే రాయలసీమలోనో రాజస్థాన్‌లోనో కదా అంటారు. ఒక ఏడాది నా వెనక సీటు మీద కూర్చుంటే తెలుస్తుంది. నవంబర్, డిసెంబర్‌లలో సార్వా కోతలు. కోత మిషను చేలో దిగిందంటే దాని వెనక పసుపురంగు పొగలాగా లేచేది పొగ కాదు, నూగు. పొట్టి చేతుల చొక్కాతో దాని పక్క నుంచి పోయినవాడు రాత్రంతా గోక్కుంటూ కూర్చుంటాడు. కోత అయ్యాక ధాన్యం రోడ్డు మీదకి వస్తుంది. అర కిలోమీటరు పొడుగునా ఆరబోసి ఉంటుంది, మనం మిగిలిన సగం రోడ్డు మీద నుంచి పోతాం, ఎదురుగా వచ్చే లారీ ఆ పొట్టునంతా మన మొహాన కొడుతుంది. మళ్ళీ ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట, ఇదే తంతు. కాలవలు కట్టేశాక గట్ల మీద మట్టి పిండిలా అయిపోతుంది. అంబాజీపేట వైపు వెళితే కొబ్బరి పీచు పొట్టు. ఇవి చాలవన్నట్టు ఏడాదంతా ఇసుక. ర్యాంపు నుంచి లారీ తడి ఇసుకతో బయల్దేరుతుంది, దారి పొడుగునా కారుస్తూ పోతుంది, అది ఎండుతుంది, తర్వాత వచ్చే టైర్లు దాన్ని నలిపి గాల్లోకి లేపుతాయి.

నూగూ, పీచూ చూడ్డానికి ఎక్కువగా ఉంటాయి కానీ ఇంజన్‌కి వాటి వల్ల పెద్ద హాని లేదు. అవి పెద్దవి, మెత్తనివి. ఏ ఫిల్టరైనా ఆపుతుంది, లోపలికి పోయినా కాలిపోతాయి. భయపడాల్సింది ఇసుక నలిగిన పిండికి, ఇంకా బియ్యం మిల్లు బూడిదకి. ఈ రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. మండపేట వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లకి ఊకే వంటచెరకు. ఊక కాలితే దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 85, 90 వంతులు సిలికా. ఇసుకలో ఉండేదీ అదే పదార్థం. వరి మొక్క నేలలోంచి సిలికాని పీల్చి ఊకలో దాచుకుంటుంది, మిల్లు దాన్ని కాల్చి గాల్లోకి వదులుతుంది, మన బండి దాన్ని పీలుస్తుంది. మిల్లు పక్క సందులో అరగంట బండి ఆపి వచ్చి సీటు మీద వేలితో పేరు రాసుకోవచ్చు.

గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్, 7 దగ్గర ఉంటుంది. చాకు కొనతో గీసినా దాని మీద గీత పడదు. పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, దానితో పోల్చుకోండి. ఆ సందులోకి 10, 15 మైక్రాన్ల రేణువు ఒకటి దూరితే అది రింగునీ గోడనీ రెండింటినీ గీసుకుంటూ పోతుంది. తర్వాత ఆయిల్‌లో కలిసి మిగతా చోట్లకీ తిరుగుతుంది. షెడ్డులో వాల్వులు కూర్చోబెట్టడానికి గ్రైండింగ్ పేస్ట్ అని ఒక జిగురు వాడతారు, చూశారా? గ్రీజులాంటి దాంట్లో గరుకు పొడి కలిపినది. ఫిల్టర్ సరిగ్గా లేని బండి ఇంజన్ ఆయిల్ కొన్నాళ్ళకి ఆ పేస్ట్‌కి తమ్ముడవుతుంది.

కాబట్టి నాకు ఫిల్టర్ అంటే ముందు దుమ్ము ఎంత ఆపుతుందన్నది, గాలి ఎంత వదులుతుందన్నది ఆ తర్వాత. ఎయిర్ ఫిల్టర్లని కొలవడానికి ఐఎస్ఓ 5011 అనే ప్రమాణం ఉంది. తూకం వేసిన దుమ్ముని గాలిలో కలిపి ఫిల్టర్ మీదకి వదిలి, ఎంత ఆగింది, ఎంత దాటింది, గాలికి ఎంత అడ్డుపడింది కొలుస్తారు. మంచి కాగితం ఫిల్టర్ ఇలాంటి పరీక్షలో 99 శాతం దాటుతుంది. కాటన్ రకాల్లో 97 వచ్చినా బాగానే వచ్చిందని చెప్పుకుంటారు. 99కీ 97కీ తేడా రెండు మార్కులే అనిపిస్తుంది. పరీక్ష రాసే పిల్లలకైతే అంతే. కానీ ఇంజన్‌కి కావలసింది ఆగిన దుమ్ము లెక్క కాదు, దాటిన దుమ్ము లెక్క. అక్కడ ఒకటి, ఇక్కడ మూడు. మూడింతలు.

కాటన్ ఫిల్టర్ పనిచేసే తీరే వేరు. వెనకటికి కాలవ నీళ్ళు తెచ్చుకునేటప్పుడు బిందె మూతికి పాత పంచె గుడ్డ కట్టి వడపోసేవాళ్ళు. చెత్తా, పురుగూ ఆగేవి. ఒండ్రు ఆగేది కాదు, దానికి ఇండుప గింజ అరగదీయాల్సిందే. కాటన్ ఫిల్టర్లో గుడ్డ పొరల సందులు కాగితం కంటే పెద్దవి. సన్నటి దుమ్ముని పట్టేది గుడ్డ కాదు, గుడ్డకి పట్టించిన జిగట నూనె. ఆ నూనె ఉన్నంత వరకూ అది ఫిల్టర్. నూనె ఎండిపోతే అది బిందె మూతి గుడ్డే.

నా తప్పు ఇక్కడ జరిగింది. మొదటిసారి కడగాల్సినప్పుడు శ్రద్ధగానే కడిగాను. డబ్బాలో వచ్చిన సబ్బు ద్రావణం చల్లి, లోపలి వైపు నుంచి బయటికి సన్నగా నీళ్ళు పోసి, నీడలో ఆరబెట్టాను. ఎండలో పెట్టకూడదు, గాలి కొట్టకూడదు అని దాని కాగితంలో రాసి ఉంది. అది జూలై. మూడు రోజుల ముసురు. మా ఇంట్లో చొక్కాలే ఆరడం లేదు, ఇక మడతలు మడతలుగా ఉన్న గుడ్డ ఏం ఆరుతుంది? రెండో రోజు సాయంత్రం టెన్షన్ పడి, ఇంకా చెమ్మగా ఉన్నదానికే నూనె పట్టించి బండికి ఎక్కించేశాను. రెండోసారి కడిగేసరికి దాని నూనె అయిపోయింది. అది మన ఊళ్ళలో దొరకదు, తెప్పించుకోవాలి. వచ్చేదాకా అని ఇంజన్ ఆయిల్ రాశాను. అది పల్చగా కిందికి దిగిపోయి ఫిల్టర్ కింది సగం తడిగా, పై సగం పొడిగా తయారైంది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, విప్పి చూడనే లేదు. "జీవితకాలం ఫిల్టర్" అని డబ్బా మీద ఉంది కదా. ఎవరి జీవితకాలమో రాయలేదు.

బోరు పోవడానికి ఒక్క ఫిల్టరే కారణమని నేను ప్రమాణం చెయ్యను. ఆయిల్ మార్చడంలోనూ నాకు ఆలస్యం అలవాటే. కానీ వేలికి అంటిన ఆ మడ్డికి ఆయిల్‌తో సంబంధం లేదు. అది గాలి దారిలోది.

ఇక్కడ కాగితం ఫిల్టర్ వాడేవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. సర్వీసింగ్‌కి ఇస్తే మన షెడ్లలో ఫిల్టర్‌ని ఏం చేస్తారో ఎప్పుడైనా నిలబడి చూశారా? తీసి, నేలకేసి నాలుగు దెబ్బలు కొట్టి, కంప్రెషర్ గాలి బుస్సుమని కొట్టి, మళ్ళీ పెట్టేస్తారు. బిల్లులో "ఎయిర్ ఫిల్టర్ క్లీనింగ్". చాలా బండ్లకి ఇప్పుడు వచ్చేది విస్కస్ రకం, అంటే దుమ్ము అంటుకునేలా నూనె పదార్థం పట్టించిన కాగితం. పట్టుకుంటే కొంచెం జిడ్డుగా ఉంటుంది. దాన్ని గాలి కొట్టి శుభ్రం చెయ్యకూడదు, మార్చడమే అని ఆ బండ్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది. దగ్గర నుంచి గాలి కొడితే కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. పెట్రోల్‌తో కడిగేవాళ్ళని కూడా చూశాను. పెట్రోల్ ఆ నూనెని మొత్తం తీసుకుపోతుంది. పొడి కాగితం రకానికి అయితే దులపడం, లోపల నుంచి మెల్లగా ఊదడం కొంతవరకూ నడుస్తుంది. ఏ రకమో చూసుకోకుండా అన్నిటికీ ఒకటే వైద్యం చెయ్యడంతోనే గొడవ.

ఇంకో మాట చెబితే నమ్మరు. కొత్త ఫిల్టర్ కంటే కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే దుమ్ముని బాగా ఆపుతుంది. పట్టిన దుమ్మే ఇంకో జల్లెడ పొరలా పనిచేస్తుంది. కాబట్టి చూడ్డానికి నల్లగా ఉందని నెలనెలా విప్పి దులపడం మేలు కంటే కీడే. విప్పిన ప్రతిసారీ అంచు రబ్బరు సరిగ్గా కూర్చోకపోయే ప్రమాదం ఉంది, అవతలి వైపు నాలుగు రేణువులు రాలే ప్రమాదం ఉంది. దూరం చూసుకుని మార్చెయ్యడమే. అయితే ఒకసారి విప్పడం వల్ల నాకు లాభం జరిగిందని కూడా చెప్పాలి. ఇంట్లో విత్తనాల బస్తాలు ఉన్న రోజుల్లో బండి మైలేజీ ఉన్నట్టుండి పడిపోయింది. సైడ్ కవర్ తీసి చూస్తే ఎయిర్ బాక్స్ మూతి దగ్గర దోసెడు వడ్లు, చింపిన గోనె పీచు. ఎలుక కాపురం పెట్టింది. దానికి మాత్రం కంపెనీదీ, బయటిదీ అన్న తేడా లేదు.

బయటి ఫిల్టర్ అనగానే అందరూ ఖరీదైనదాన్నే ఊహించుకుంటారు గానీ, మన ఊళ్ళలో ఎక్కువగా అమ్ముడయ్యే బయటి ఫిల్టర్ అది కాదు. కంపెనీది రెండు మూడు వందలు ఉంటే, పక్కనే ఎనభై రూపాయలకి దొరికేది. నిజానికి బండి కంపెనీలు ఫిల్టర్లు సొంతంగా తయారుచేసుకోవు, ఫిల్టర్ తయారీదారుల దగ్గర కొంటాయి. అదే తయారీదారు తన సొంత డబ్బాలో అమ్మే ఫిల్టర్ కొన్నా నష్టం లేదు, పైగా ఓ ముప్పై నలభై మిగులుతాయి. భయం పేరూ ఊరూ లేనివాటితోనే. ఒకసారి కొట్టు బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి మడతలు లెక్కపెట్టాను. కంపెనీదానికి 44, చవకదానికి 31. కాగితం తక్కువ అన్నమాట. చవకదాని అంచు రబ్బరు గోటితో నొక్కితే లొంగలేదు, చెక్కలా ఉంది. అది బాక్సుకి అతుక్కోదు, ఆ సందులోంచి వడకట్టని గాలి దర్జాగా పోతుంది. ట్యూబులైటు కేసి పట్టుకుని చూస్తే జిగురు పూసిన చోట సూదిబెజ్జంలాంటి వెలుగు కూడా. ఎనభై రూపాయలదాని కంటే నా నాలుగున్నర వేలదే నయం.

కోన్ ఫిల్టర్ల గురించి ఎక్కువ చెప్పను. ఎయిర్ బాక్సే పీకేసి కార్బురేటర్‌కి నేరుగా గరాటాలాంటి ఫిల్టర్ తగిలించడం మన నేలకి పనికిరాదు. ఎయిర్ బాక్స్ గాలి పీల్చే మూతిని సీటు కింద ఎత్తుగా పెట్టడానికి కారణం ఉంది. గోదావరికి కాస్త నీరు వస్తే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, అయినా మోకాలు లోతేగా అని బండి దింపేవాళ్ళు ఉంటారు. కోన్ ఫిల్టర్ ఉన్నది సరిగ్గా ఆ మోకాలు ఎత్తులోనే. ఇంజన్ గాలికి బదులు నీళ్ళు పీల్చిందంటే, నీళ్ళని పిస్టన్ నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడు బోరింగ్‌తో పోదు.

మరి ఉతుక్కునే ఫిల్టర్లు ఎవరికీ వద్దా? అలా అనను. వాటికి పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో 1969లో మొదలైన కె అండ్ ఎన్ అనే ఫిల్టర్ కంపెనీ పేరు మోటార్‌సైకిల్ రేసుల వాళ్ళకి బాగా తెలుసు. ప్రతి రేసుకీ ఇంజన్ విప్పి చూసేవాడికి అరిగిన రింగు గురించి బెంగ లేదు, ఆఖరి అర గుర్రం శక్తి గురించే బెంగ. సైలెన్సర్, జెట్లు లేదా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యాపు, ఫిల్టర్ అన్నీ కలిపి ఒక లెక్క ప్రకారం మార్చుకునేవాడికీ అర్థం ఉంది. పాత బండ్ల సంగతి వేరు. మా మావయ్య ఆర్‌ఎక్స్ 100కి పుట్టుకతోనే ఫోము ఫిల్టర్, నూనె పట్టించి వాడాల్సినది. ఆయన ఆదివారం పూట వరండాలో పేపరు పరుచుకుని, దాన్ని కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, ఆయిల్లో ముంచి, మళ్ళీ రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కేవాడు. పిండకూడదు, చిరుగుతుంది, నొక్కాలి అనేవాడు. ఆ ఓపిక ఉన్న మనిషి ఏ ఫిల్టర్ వాడినా ఇంజన్ బతుకుతుంది.

సంక్రాంతికి మేనల్లుడు హైదరాబాద్ నుంచి 250 సీసీ బండి మీద వచ్చాడు. దానికి ఈ ఫిల్టర్ వేయిస్తానంటాడు. నా కథంతా చెప్పాను. "అది కార్బురేటర్ బండి కదా మావయ్యా, నాది బీఎస్6. ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సార్. గాలి పెరిగితే పెట్రోల్ అదే సర్దుకుంటుంది" అన్నాడు. సగం నిజమే. బీఎస్6 అనే కాలుష్య నిబంధన వచ్చిన 2020 ఏప్రిల్ తర్వాతి బండ్లలో చాలావరకూ మామూలు వేగంలో పోయేటప్పుడు సెన్సార్ చూసి మిశ్రమాన్ని సరిచేసుకుంటాయి. అలాగే, నూనె ఎగిరి గాలి సెన్సార్ పాడవుతుందన్న భయం కార్లకి వర్తించేది, గాలిని నేరుగా కొలిచే సెన్సార్ మామూలుగా బైకుల్లో ఉండదు. ఈ రెండూ వాడికి ఒప్పుకున్నాను. "కానీ ఒరేయ్, సెన్సార్ పెట్రోల్‌ని సర్దుతుంది, దుమ్ముని సర్దదు కదరా" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి హైదరాబాద్‌లో ఊక బూడిద లేదు కదా" అన్నాడు. మెట్రో పనుల సిమెంటు సంగతి అడుగుదామనుకున్నాను. ఈలోపు వాళ్ళమ్మ అరిసెలు తెచ్చి పెట్టింది, వాదన అక్కడికి ఆగింది. ఒక మాట మాత్రం తీసుకున్నాను: వేస్తే వేశావు గానీ, ఐదు వేల కిలోమీటర్లకి ఆ గొట్టం విప్పించి వేలు పెట్టి చూడు అని.

నా బండికి ఇప్పుడు కంపెనీ కాగితమే. పుస్తకంలో రాసిన దూరం మంచి రోడ్ల మాట. దుమ్ము చోట్ల తిరిగితే ముందే మార్చమని అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను సగం దూరానికే మారుస్తాను, ఏడాదికి సుమారు నాలుగుసార్లు. వీటిలో రెండు సార్వా, దాళ్వా కోతలు అయిపోయాకే, కోతల మధ్యలో కాదు. కొత్తది వేసిన రోజు కిలోమీటర్ల అంకె ఎయిర్ బాక్స్ మూత లోపలి వైపు మార్కర్‌తో రాస్తాను. పాతది పారేసే ముందు మడతలు విప్పి చూడటం అలవాటైంది. పోయిన ఏప్రిల్‌ది విప్పితే బయటి అంచుల్లో పసుపు నూగు, లోపలికి పోయేకొద్దీ బూడిద, అవతలి వైపు తెల్లకాగితం. రబ్బరు గొట్టంలో కూడా వేలు పెట్టి చూశాను. కాస్త ఆయిల్ జిడ్డు తగిలింది. నలిపితే కరకరలాడలేదు.